నలభై ఒకటో రోజు

తమ్ముడు పోయి నలభై రోజులు నిండాలట.
అప్పటిదాకా వాడి తాళాలు నా గుప్పిట్లో ఉన్నా
వాడి తలుపు నాది కాదు.

అబర్డీన్ రేవులో, ఉప్పుగాలికి తుప్పెక్కిన బోర్డు కింద
క్రెడిట్ యూనియన్ పిల్ల ఓపిగ్గానే చెప్పింది:
"చిన్న ఆస్తి కదమ్మా, ప్రొబేట్ అక్కర్లేదు,
జడ్జి ముందుకు పోనక్కర్లేదు,
ఒక్క కాగితం మీద ప్రమాణం చేస్తే సరి."
చిన్న ఆస్తి.
అరవై తొమ్మిదేళ్ళ మనిషిని
రెండు మాటల్లో మడిచి కవర్లో పెట్టేసింది.

నలభై రోజులూ వానే.
ఈ తీరంలో వాన కురిసి వెళ్ళదు, కాపురముంటుంది.
వాకిట్లో ట్రక్కు బ్యాటరీ చచ్చింది.
పీతల బోనుల మీద కప్పిన పట్టా
నడుం వంగి నీళ్ళు మోసింది.
పక్కింటి డెల్బర్ట్ రోజూ పొద్దుగూకేవేళ వచ్చి
కుక్కకి ఇంత తిండి పడేసి, నాకేసి ఓసారి తలూపి పోయాడు.
డీప్ ఫ్రీజర్ నిండా పొగబెట్టిన సాల్మన్ చేపలు,
ఒక్కో పొట్లం మీద వాడి కోడిగీతల తేదీలు.
గడువు తీరకముందే ఒక పొట్లం తిన్నాను.
ప్రమాణపత్రంలో ఆ ముక్క రాయలేదు.

ఇప్పుడు రాస్తున్నాను, వాడి వంటింటి బల్ల మీదే.
పేరు: టోయివో లేహ్తో. మా అమ్మ భాషలో టోయివో అంటే ఆశ.
పేరు పక్కన అర్థం రాసే గడి లేదు.
ఖాతాలో రెండు వేల మూడొందల పద్దెనిమిది డాలర్లు.
ఆల్చిప్పల ఫ్యాక్టరీ ఇవ్వాల్సిన ఆఖరి వారం జీతం.
ట్రక్కు. పడవ. పదకొండు బోనులు, అందులో మూడు చిల్లులవి.

అప్పులన్నీ తీరాయా అంటుంది కాగితం.
డీజిల్ బంకులో నలభై మూడు డాలర్లు నేనే తీర్చాను.
పళ్ళ డాక్టరుదీ తీర్చాను,
సగం కట్టిన పన్నుకి పూర్తి బిల్లు.
అమ్మ సౌనా పొయ్యి ఎవరిదన్న దగ్గర మొదలై
పదకొండేళ్ళు మేం మాట్లాడుకోని బాకీ ఉందే,
అది ఎవరికి కట్టాలో, ఎవరు రసీదు ఇస్తారో.
పొయ్యి షెడ్డులోనే ఉంది.
అమ్మ చుట్టిన దుప్పటి కూడా విప్పలేదు వెధవ.

సమాన హక్కున్న వారసులు ఇంకెవరైనా?
ఎవరూ లేరు, అని రాస్తుంటే
బల్ల కింద నా చెప్పు మీద ఏదో బరువుగా వాలింది.

దాని పేరు పిక్కు. అంటే చిట్టిది.
ఎనభై పౌన్లుంటుంది.

"కుక్క కూడా ఆస్తే," అంది నోటరీ,
మందుల షాపు వెనక గదిలో కళ్ళద్దాలు తుడుచుకుంటూ.
"విలువ వేయండి."
సున్నా వేశాను. కొట్టేశాను.
ఒక డాలరు వేశాను, సిగ్గేసింది, అలాగే ఉంచాను.
కుడిచెయ్యి ఎత్తమంటే ఎత్తాను.
ముద్ర పడింది. ఒక నకలు ఒలింపియాకి పోస్టులో వెళ్ళింది.
డెబ్భై మూడేళ్ళకి
నేను నా తమ్ముడి మనిషినని
నీలం సిరాలో రుజువైంది.

డెల్బర్ట్ తన బండి తెచ్చి తీగలు తగిలించాడు.
ట్రక్కు రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది.
కుక్క మాత్రం మెట్టు దిగనంది.
రా అని ఇంగ్లీషులో బతిమాలాను, తిట్టాను.
చెవి కూడా కదపలేదు.
వాడు దీనితో ఏ భాషలో మాట్లాడేవాడో
అప్పుడు తట్టింది.
"తులే," అన్నాను, గొంతులోంచి అమ్మ వచ్చినట్టు.
అమ్మ పోయాక ఆ భాషలో నా మొదటి మాట.

వానలోకి దూకి వచ్చి
నన్ను దాటి, తెరిచిన తలుపు దాటి
స్టీరింగు ముందు వాడి సీట్లో కూర్చుంది.
జరగమని చెప్పాలి.
ఎంత తవ్వినా ఆ మాట గుర్తు రాలేదు.
సరేనని అటు తిరిగి వెళ్ళి పక్క సీటెక్కాను.
ఇంజను నడుస్తోంది. తడి బొచ్చు వాసన.
డెల్బర్ట్ అద్దం మీద తట్టి
ఇంతకీ ఎక్కడికి, అంటున్నాడు.